జాబితాలో లేని దొంగగుట్ట

ఆ రోజుల్లో నాకు జాబితా లేకుండా ముద్ద దిగేది కాదు. పట్నంలో టెక్నికల్ డిప్లొమా చదివేటప్పుడు పట్టుకున్న జబ్బు అది. నా రేకుపెట్టె మూత లోపలివైపు ఆ పెట్టెలో ఏమేమున్నాయో రాసి అంటించి ఉండేది; ఆ జాబితాలో చివరి వస్తువు పేరు ‘ఈ జాబితా’. మా ఊరు తిరుమలగిరిలో బస్సెక్కి నల్లగొండలో దిగేటప్పుడు టికెట్టు, గొడుగు, సంచి, అవ్వ, అని నాలుగు వేళ్లు మడిచి సరిచూసుకునేవాణ్ని (అవ్వకు ఈ సంగతి తెలిసిన రోజున “నన్ను సంచి తర్వాత లెక్కవెడ్తవారా” అని రెండు పూటలు మాట్లాడలేదు). ఇరవై మూడేళ్ల వాడికి ఉండవలసిన ధైర్యం నా దగ్గర లేదు, దాని జాగాలో జాబితాలు ఉండేవి. రాసిపెట్టుకున్నది తప్పదని, రాయనిది జరగదని నా నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ నమ్మకం కూలిన పదిహేను రోజులు నేను కూర్చున్నచోట కూర్చోలేదు, తిన్నది అరిగించుకోలేదు.

అరవైల చివరి మాట ఇది. నల్లగొండ ఊరి బయట ఆముదపు నూనె తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. గానుగకు చిక్కని నూనెను కూడా పిండిలోంచి సాల్వెంటు పోసి లాగేవారు. సాల్వెంటు అంటే పెట్రోలుకు తమ్ముడి వంటి ద్రవం. అది శుద్ధంగా లేకపోతే తీసిన నూనె అంతా పాడు. ఆ శుద్ధి చూడటానికి బొంబాయి హెడ్డాఫీసు వాళ్లు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రాన్ని కొనిపంపారు. దాని వెంబడి, బొంబాయిలో మూడు వారాలు నేర్పించి, నన్నూ పంపారు. యంత్రం గడ్డి పరిచిన చెక్కపెట్టెలో భద్రంగా వచ్చింది. నేను రైల్లో మూడో తరగతి పెట్టెలో నిలబడి వచ్చాను.

యంత్రం చేసే పని చెప్పడం సులువే. ఒక చుక్క సాల్వెంటును సన్నని సిరంజిలోకి లాగి, బాగా వేడిగా ఉండే ఒక మూతిలోకి రబ్బరు బిళ్ళ గుండా సూది గుచ్చి వదలాలి. చుక్క ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని గ్యాసు తోసుకుంటూ పొడి కూరిన పొడవాటి గొట్టపు చుట్టలోంచి తీసుకుపోతుంది. అందులో ఏయే సరుకులు కలిసి ఉన్నాయో అవి ఒక్కొక్కటి ఒక్కో వేళకు అవతలికి తేలతాయి. అవతల చిన్న మంట వెలుగుతుంటుంది. సరుకు మంటను తాకినప్పుడల్లా ఒక కలం కదిలే కాగితం మీద పైకెక్కి దిగుతుంది, గుట్ట గీసినట్టు. నేను ఇదంతా నల్లబల్ల మీద గంటసేపు చెబితే, నా దగ్గర పని నేర్చుకునే ముగ్గురిలో ఒకాయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. “జాతరల అంగడి సందు లెక్క సార్. పనున్నోడు సక్కగ బయటపడ్తడు, గాజులు బేరమాడెటోళ్లు ఎనుక వడ్తరు.” నా నోటుబుక్కులోని నాలుగు పేజీల కన్నా అది బాగుందని నాకు తెలిసింది గానీ ఒప్పుకోలేదు.

ఆ ముగ్గురినీ మీకు చెప్పాలి. జాతర మాట అన్నాయనను అందరూ మోట అనేవారు. కట్టంగూరు దగ్గరి రైతు, ఎడ్లతో మోట తోలి బావినీళ్లు పారించినవాడు; బావి ఎండిపోయాక ఫ్యాక్టరీకి వచ్చాడు. రెండోవాడు రేడియో. ఊళ్లో రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చాడు కనుక లోకంలో ఏది చెడినా వాల్వు, అంటే రేడియో లోపలి గాజుబుడ్డి, పోయిందనేవాడు (మేనేజరు సాబ్ జీపు మొరాయించినప్పుడు కూడా ముందుకు వచ్చి అదే అన్నాడు). తలకు పట్నం నుంచి తెప్పించిన వాసన నూనె రాసి, దువ్వెన జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మూడో ఆయన మగ్గం మామ. నలభై దాటిన నేతమనిషి. తండ్రి ఇంకా ఇంట్లో మగ్గం మీదనే ఉన్నాడు. కూలి గిట్టక ఈయన మాత్రం ఫ్యాక్టరీ గోదాములో చేరి, ఏడాదిపాటు బస్తాలు మోసి నడుము పోగొట్టుకుని, యంత్రం గదికి మనుషులు కావాలంటే పేరిచ్చుకున్నాడు. మాట తక్కువ. నేను నల్లబల్ల మీద రాస్తుంటే బల్లను చూసేవాడు కాదు, నా చేతిని చూసేవాడు. నాకు అది మర్యాద తక్కువగా తోచేది.

నా పని యంత్రం నడపడం కాదు. అది చెడితే ఎక్కడ చెడిందో పట్టుకోవడం ఈ ముగ్గురికీ నేర్పడం. ఆరు నెలల్లో నేర్పాలి. ఆ తర్వాత బొంబాయి నుంచి పెద్ద ఇంజనీరు వస్తాడు. ఆయనే స్వయంగా యంత్రాన్ని చెడగొడతాడు. నేను నోరు మెదపకూడదు, ఈ ముగ్గురే తప్పు పట్టుకోవాలి. పట్టుకుంటే యంత్రం ఇక్కడే ఉంటుంది, నా ఉద్యోగం ఖాయం. లేకపోతే యంత్రాన్ని మళ్లీ గడ్డిలో పెట్టి వేరే ఫ్యాక్టరీకి తీసుకుపోతారు, ముగ్గురూ గోదాముకు తిరిగిపోతారు, నేను తిరుమలగిరికి. ఆ ఉత్తరం చదివి వినిపించిన రోజున రేడియో, మోట గొణిగారు. మగ్గం మామ మాత్రం నడుము మీద చెయ్యి వేసుకుని, “బస్తాల కాడికి మల్ల పోలేను సార్. మంచిగ నేర్పుండ్రి” అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట ఆరు నెలలూ నా మెడ మీద కూర్చుంది.

అందుకని జాబితా రాశాను. యంత్రానికి రాగల తప్పులు ఇరవై ఏడు. మూడు గళ్లు కొట్టి, ఎర్రసిరాతో లక్షణం, నల్లసిరాతో కారణం, ఆకుపచ్చ సిరాతో పరీక్ష. కలం కదలకపోతే మంట ఆరిందేమో చూడాలి. గుట్టలు ఆలస్యంగా, పొట్టిగా వస్తే గ్యాసు ఎక్కడో కారుతుందేమో చూడాలి. ఇట్లా ఇరవై ఏడు. దాన్ని అట్టకు అంటించి గోడకు కొట్టాను. మోట దాన్ని బావి దగ్గర పాడుకునే వరసలో బట్టీ పట్టాడు. రేడియో పదో తప్పులో వాల్వు పేరు ఉందని మిగతా ఇరవై ఆరూ చదవడం మానేశాడు. మామకు చదువు అంతంత మాత్రం. “రాసుడు ఎందుకు సార్, జేసి సూపెట్టుండ్రి” అన్నాడు. సరే, చేసి చూపించాను. కానీ నా పద్ధతి నాది. మొదటి రోజే ముగ్గురినీ నిలబెట్టి, బొంబాయిలో మా గురువు అన్నట్టే గొంతు గట్టిచేసుకుని, “నేను చేసినట్టే చెయ్యండి. నా చెయ్యి ఎటు పోతే మీ చెయ్యి అటు పోవాలె. ఒక్క అంగ తప్పినా లెక్క తప్పుతుంది” అన్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి. దీన్ని నేను జీవితంలో ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నానో లెక్క లేదు.

ఐదో నెల చివర్లో ఒక సూది వంగింది. రబ్బరు బిళ్ళ గట్టిది, సూది వెంట్రుకంత సన్నం. ఏమాత్రం వంకరగా ఒత్తినా వంగిపోతుంది. బొంబాయి నుంచి మూడు సిరంజిలు తెచ్చాను, ఇక రెండే మిగిలాయి. వంచింది మరెవరో అయితే కోపపడేవాణ్ని, వంచింది నేనే. ఆ రోజు నుంచి సూది గుచ్చాలంటే నాకు చేతులు చల్లబడేవి. గుచ్చేముందు ఊపిరి బిగబట్టేవాణ్ని. ముగ్గురూ కూడా ఊపిరి బిగబట్టేవారు (అది భయం వల్ల కాదని, నేను చేశాను కనుక చేశారని తర్వాత తెలిసింది).

సరిగ్గా ఆ మరుసటి వారంలో, ఇంజనీరు రావడానికి పదిహేను రోజుల ముందు, దొంగగుట్ట వచ్చింది.

మా సాల్వెంటుకు రావలసినవి రెండు గుట్టలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నల్లగొండ ఊరికి రెండు పక్కలా ఉన్న గుట్టల్లాగే అని మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజు రెండూ వచ్చి, కలం కిందికి దిగి, చాలాసేపు బుద్ధిగా నడిచి, ఇక అయిపోయిందనుకుని నేను కాగితం చింపబోతుంటే మెల్లగా లేచి మూడో గుట్ట గీసింది. మోట వంగి చూసి, “ఊరికి రెండు గుట్టలే గద సార్, గీ మూడోది ఏడికెల్లి వచ్చింది” అన్నాడు. ఊరూ పేరూ తెలియకుండా వచ్చింది కనుక దానికి దొంగగుట్ట అని వాడే పేరు పెట్టాడు.

సాల్వెంటులో ఏదో కలిసిందనుకుని వేరే డ్రమ్ము తెరిపించాను. దొంగగుట్ట వచ్చింది. చుక్క వేయకుండా ఖాళీ సూది గుచ్చి చూశాను. పెద్దగుట్ట రాలేదు, చిన్నగుట్ట రాలేదు, దొంగగుట్ట వచ్చింది. సూది గుచ్చకుండా ఊరికే యంత్రం నడిపి చూశాను. కాగితం చెరువు నీళ్లలా చదునుగా ఉంది. అంటే తప్పు సూదిలోనో రబ్బరు బిళ్ళలోనో ఉండాలి. రబ్బరు బిళ్ళ మార్చాను. వచ్చింది. సిరంజిని సాల్వెంటుతో ఏడుసార్లు కడిగాను. వచ్చింది. రెండో సిరంజి తీశాను. వచ్చింది. గోడ మీది జాబితాలో ఇరవై ఏడు కారణాలనూ ఒక్కొక్కటే పరీక్ష చేసి పక్కన చిన్న గీత పెట్టుకుంటూ పోయాను. ఇరవై ఏడో గీత పెట్టిన సాయంత్రం ఆ అట్ట ముందు నిలబడి, జాబితా అయిపోయింది, తప్పు అయిపోలేదు, అని మొదటిసారి అనుకున్నాను.

ఇంకో విచిత్రం. రేడియో గుచ్చితే దొంగగుట్ట పక్కనే ఇంకో పిల్లగుట్ట కూడా వచ్చేది. నేను నోటుబుక్కులో ‘రేడియో: అజాగ్రత్త’ అని రాసుకున్నాను. వాడు “వాల్వు” అన్నాడు. ఆ రోజు వాణ్ని కొట్టకపోవడానికి కారణం నా పెంపకం.

పాత బజారులో నేను కిరాయికి ఉన్న గదిలో నాతో అవ్వ ఉండేది. అవ్వకు రెండే పనులు, నాకు వండిపెట్టడం, పాతచీరలు పేర్చి బొంతలు కుట్టడం. నేను చిన్నప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేవాణ్ని, బొంత అంచులు కుట్టేవాణ్ని (ఈ సంగతి డిప్లొమా స్నేహితులెవరికీ చెప్పలేదు). ప్రతి పొద్దున నా నెత్తిమీద ఆముదం పోసి మర్దన చేసి గానీ ఫ్యాక్టరీకి పంపేది కాదు. గ్యాసు మంటల దగ్గర పనిచేసే మనవడికి తల వేడెక్కుతుందని ఆమె భయం. ఆ పదిహేను రోజుల్లో నేను అన్నం కలిపి వదిలేయడం, ఉన్నట్టుండి లేచి నిలబడటం, గోడ వైపు చూసి వేళ్లు మడవడం అవ్వ చూసింది. “ఏమైందిరా” అంటే “ఏం లేదవ్వా” అన్నాను. ఏం లేదన్న మాట అవ్వ ఎన్నడూ నమ్మలేదు. మరునాటి నుంచి ఆముదం రెట్టింపు చేసింది. “ఫికర్ జేయకు కొడుకా, తల సల్లవడితె అన్ని సక్కగైతయి” అంటూ చెవుల వెనక నుంచి కారేదాకా పోసేది.

ఫ్యాక్టరీలో నేను దొంగగుట్ట ఎత్తును రోజూ స్కేలుతో కొలిచి రాస్తున్నాను. అది రోజురోజుకూ పెరుగుతోంది. నా భయం పెరిగిన కొద్దీ గుట్ట పెరుగుతోంది. ఆ యంత్రానికి నా గుండె కనబడుతోందేమోనని ఒక మధ్యాహ్నం నిజంగానే అనుకున్నాను. ఆ రోజు ముగ్గురితో కలిసి కూర్చుని, పోనీ ఇంజనీరు వచ్చినప్పుడు రెండు గుట్టలు కాగానే కాగితం చింపేద్దామా అన్నాను. మోట సరేనన్నాడు. రేడియో సంతోషంగా సరేనన్నాడు. మగ్గం మామ ఒప్పుకోలేదు. “చీర మడత లోపట తప్పు దాసిపెడ్తె సావుకారి ఇప్పుతడు సార్. ఇప్పినంక మల్ల నూలియ్యడు” అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాణ్ని, ఆయనకు గురువుని.

ఇంజనీరు గురువారం పొద్దున జీపులో దిగాడు. కోస్తా మనిషి, బొంబాయిలో స్థిరపడ్డాడు. తెల్లచొక్కా, నున్నటి గుండు, ఒక్క వెంట్రుక కూడా లేదు, వాన పడితే నిలవనంత నునుపు. మేనేజరు సాబ్ ఇచ్చిన చాయ్ సగం తాగి మమ్మల్నందరినీ బయటికి పంపించి తలుపు మూసుకున్నాడు. లోపల స్పానర్ల చప్పుడు. బయట నేను గోడకు ఆనుకుని, యంత్రం గడ్డిలో పడుకోవడం, మామ నడుము మీద బస్తా ఎక్కడం, అవ్వతో బస్సెక్కి నాలుగు వేళ్లు మడవడం, వరసగా ఊహించుకున్నాను. అది కూడా జాబితాలాగే వచ్చింది.

తలుపు తెరిచి, “రండి, కానివ్వండి, చూద్దాం” అన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కట్టుకోమన్నాడు. ముగ్గురూ యంత్రం ముందు నిలబడ్డారు. కలం కదలడం లేదు. రేడియో వాల్వు డబ్బా వైపు అడుగు వేశాడు. మామ వాడి చొక్కా పట్టుకుని ఆపాడు. మోట గొంతులోనే వరస ఎత్తుకున్నాడు, కలం కదలకుంటే మంట చూడు. మామ చల్లటి స్పానరు తీసి మంట గొట్టం మూతి మీద పట్టాడు. మంట వెలుగుతుంటే దాని తేమకు ఇనుము మీద మసక పట్టాలి. పట్టలేదు. మంట ఆరింది. వెలిగించారు, టప్ మంది. ఇంజనీరు ముఖంలో ఏమీ కనబడలేదు.

తర్వాత సాల్వెంటు గుచ్చి చూస్తే గుట్టలు ఆలస్యంగా, పొట్టిగా వచ్చాయి. మోట మారు మాట లేకుండా మా కుంకుడుకాయల గిన్నె తెచ్చాడు. బొంబాయిలో సబ్బునీళ్లు అన్నారు గానీ, అవ్వ ఇచ్చిన కుంకుళ్లకు వచ్చే నురుగు ఏ సబ్బుకూ రాదు. కోడి ఈకతో కీలు కీలుకూ నురుగు అద్దుకుంటూ పోయాడు. నాలుగో కీలు దగ్గర బుడగలు ఉబికాయి. నట్టు బిగించాడు. ఇంజనీరు గిన్నెలోకి తొంగి చూసి “ఇదేదో బాగుందండీ” అన్నాడు. నా ప్రాణం సగం లేచి వచ్చింది. మిగతా సగానికి ఇంకా పని ఉందని నాకు తెలుసు.

“ఇక యంత్రం సరిగా ఉంది కదా. ఒక్కసారి పూర్తిగా నడపండి” అన్నాడు. రేడియో గుచ్చాడు. పెద్దగుట్ట వచ్చింది, చిన్నగుట్ట వచ్చింది. రేడియో చెయ్యి కాగితం వైపు పోబోయి, మామ చూపు తగిలి ఆగిపోయింది. కలం బుద్ధిగా నడిచింది. ఆ నడిచిన నాలుగైదు నిమిషాలు నేను నా గోళ్లను లెక్కపెట్టాను. దొంగగుట్ట లేచింది, పక్కన పిల్లగుట్టతో సహా.

ఇంజనీరు కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. “ఇది నేను పెట్టింది కాదే” అన్నాడు.

నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను. పదిహేను రోజులుగా వస్తోందని, ఇరవై ఏడు కారణాలూ చూశానని, దొరకలేదని, తప్పు నాదేగాని వీళ్లది కాదని. ఆయన నోటుబుక్కు అడిగి తీసుకుని గుట్ట ఎత్తులన్నీ చదివాడు, ‘రేడియో: అజాగ్రత్త’తో సహా. సిరంజి అందుకుని, సాల్వెంటుతో కడిగి, చుక్క లాగి, తానే గుచ్చాడు. పెద్దగుట్ట. చిన్నగుట్ట. ఆ తర్వాత మేం ఐదుగురం కలం ముందు వంగి నిలబడ్డాం. కలం నడిచింది. ఇంకా నడిచింది. దొంగగుట్ట రాలేదు. మళ్లీ గుచ్చాడు. రాలేదు. ఇప్పుడు మోటను గుచ్చమన్నాడు. వచ్చింది. ఆయన చేతికి లొంగిన యంత్రం మా చేతికి ఎదురుతిరుగుతోందంటే, తప్పు యంత్రంలో లేదు, మాలో ఉందన్నమాట. మాలో అంటే, నేర్పిన నాలో.

అప్పుడు మగ్గం మామ గొంతు సవరించుకున్నాడు.

“సార్, ఒక్క మాట. బట్టల ఒక్కతీరు తప్పు మల్ల మల్ల వడ్తుంటె మా నాయిన నూలు సూడడు. నేసెటోని పక్కన కూసోని చేతులు సూస్తడు. మీరు రెండుసార్లు గుచ్చిండ్రు, నేను మీ చేతులు సూసిన. మాకంటె మీకు ఒకటి తక్కువుంది.”

“ఏమిటండీ తక్కువ?”

“మేం కడిగినంక, మందు గుంజినంక, సూదిని తలకు రాస్తం. మీరు రాయలే.”

ఇంజనీరు చెయ్యి తనకు తెలియకుండానే నున్నటి నెత్తి మీదికి పోయింది. “తలకు రాయడమేమిటి?” అన్నాడు, ఎవరో తన మీద వేళాకోళం చేస్తున్నారేమోనన్నట్టు నావైపు చూసి.

నాకు కోపం వచ్చింది. నిజమైన కోపం, అన్యాయంగా నింద పడినవాడికి వచ్చేది. అట్లా నేను ఏనాడూ చెప్పలేదని, కావాలంటే గుచ్చే పద్ధతి పదకొండు మెట్లుగా గోడ మీద రాసి ఉందని, అందులో తల అన్న మాటే లేదని అన్నాను. మామ గోడ వైపు చూడలేదు.

“లిస్టుల లేదు సార్. మీ చేతిల ఉంది” అన్నాడు నెమ్మదిగా. “సూది వంగిన కాడినుంచి రాస్తున్నరు. మీరే చెప్తిరి గద, నా చెయ్యి ఎటు పోతె మీ చెయ్యి అటు పోవాలె అని. మేం గూడ రాస్తున్నం.”

ఇంజనీరు నాకు సిరంజి ఇచ్చి, మాట్లాడకుండా గుచ్చమన్నాడు. కడిగాను. చుక్క లాగాను. నలుగురూ నా చేతినే చూస్తున్నారు, నేను కూడా చూస్తున్నాను. అయినా సూదిని మూతి దగ్గరికి తెచ్చేముందు, ఆ ఒక్క క్షణంలో ఊపిరి బిగబట్టానో లేదో, నా కుడిచెయ్యి నన్ను అడగకుండా లేచి, చెవి పైన జుట్టులోంచి సూదిని ఒక్కసారి సర్రున దువ్వి కిందికి తెచ్చింది. అవ్వ పొద్దుననే పోసిన ఆముదంతో సూది నిగనిగలాడింది. అవ్వ బొంత కుట్టేటప్పుడు నాలుగు కుట్లకొకసారి సూదిని నెత్తికి రాసుకునేది, నూనె తగిలితే మందపు బట్టలో సూది సులువుగా దిగుతుందని. ఆమె పక్కన కూర్చుని కుట్టిన చెయ్యి నాది. సూది వంగిందన్న భయం పుట్టగానే బొంబాయి చదువు పక్కకు తప్పుకుని, ఆ చెయ్యి తన పని తాను చూసుకుంది. సూది మొన మీది ఆముదం వేడిమూతిలో విరిగి ఆవిరై, అందరికన్నా ఆలస్యంగా అవతల తేలుతోంది. అవ్వ ఆముదం రెట్టింపు చేస్తే గుట్ట రెట్టింపయింది. మోట, మామ తలలకు రాసేదీ ఆముదమే; రేడియో వాసన నూనె కూడా ఆముదంలో కలిపిందే, పిల్లగుట్ట అందులోని వాసనది. పదిహేను రోజులు ఆముదపు ఫ్యాక్టరీలో కూర్చుని, ఆముదం తల మీద పెట్టుకుని, ఆముదం కోసం వెతికాను.

ఎవరూ నవ్వలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఇంజనీరు సూదిని శుభ్రంగా కడిగి, చుక్క లాగి, మోటను తల వంచమని, వాడి జుట్టులోంచి తానే దువ్వి గుచ్చాడు. దొంగగుట్ట లేచింది. మళ్లీ కడిగి దువ్వకుండా గుచ్చాడు. కాగితం చెరువులా పడుకుంది. అప్పుడాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే భుజాలు కదలడం చూశాను.

“నేను రెండు తప్పులు పెట్టాను, పట్టుకున్నారు” అన్నాడు, కబురు పెట్టి పిలిపించిన మేనేజరు సాబ్‌తో. “మూడోది వీళ్ల గురువుగారు తనకే తెలియకుండా పెట్టాడు, దాన్నీ పట్టుకున్నారు. ఇంతకన్నా ఏం కావాలండీ. యంత్రం ఇక్కడే ఉండనివ్వండి.” తర్వాత నావైపు తిరిగి, “మీ జాబితాలో ఇరవై ఎనిమిదోది రాయండి” అని కలం అందించాడు. ఏమని రాయాలో ఆయన చెప్పలేదు. గోడ దగ్గరికి పోయి, ఏ సిరాతో రాస్తున్నానో కూడా చూసుకోకుండా, ‘నేర్పినవాడి చేతులు చూడాలి’ అని రాశాను. మామ వెనక నుంచి “ఏం రాసిండ్రు సార్” అంటే చదివి వినిపించాను. ఆయన నడుము మీంచి చెయ్యి తీసి, ఆ అట్ట అంచు ఒకసారి తడిమి చూశాడు, నేసిన గుడ్డ చూసినట్టు.

ఆ సాయంత్రం అవ్వకు మొత్తం చెప్పాను. ఉద్యోగం పోబోయిందని, ఆమె ఆముదం వల్ల పోబోయిందని, ఉండిపోయిందని. అవ్వ బొంత పక్కకు పెట్టి శ్రద్ధగా విన్నది. తప్పు ఒప్పుకుంటుందేమోనని చూశాను.

“అయితె గిన్ని దినాలు మిషిన్‌కు గూడ సల్లగున్నదన్నట్టు” అన్నది, చాలా తృప్తిగా, మళ్లీ సూది అందుకుంటూ.

మరునాటి నుంచి యంత్రం గదిలో మేం నలుగురం తలకు రుమాలు కట్టుకుని పనిచేశాం. నేను ఆ ఊరు విడిచాక కూడా మామ ఆ గదిలోనే ఉండి, మరో ఆరుగురికి పని నేర్పాడని విన్నాను. కొత్తవాళ్లను యంత్రం ముందు కాకుండా ముందు తన ఎదుట కూర్చోబెట్టి, నా చేతుల్లో ఏం తప్పుందో చెప్పండ్రి అని అడిగేవాడట. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ జాబితాలు రాస్తాను, కాకపోతే చివర ఒక గీత ఖాళీగా వదిలిపెడతాను. చొక్కా గుండీ ఊడితే నేనే కుట్టుకుంటాను. మందపు పట్టీ దగ్గర సూది మొరాయించినప్పుడు నా కుడిచెయ్యి ఇప్పటికీ నన్ను అడగకుండా లేచి చెవి పైకి పోతుంది. అక్కడ ఇప్పుడు వెంట్రుక లేదు, ఆముదం లేదు, ఆనాటి ఇంజనీరు నెత్తి కన్నా నునుపుగా ఉంది. చెయ్యి కాసేపు వెతుక్కుంటుంది. ఏమీ దొరకక, సూదిని అట్లాగే పట్టుకుని, నవ్వు ముఖంతో కిందికి దిగుతుంది.